ఒక్క గుండు మిగిలింది

ఇంట గెలిచారు, ఇక రచ్చ గెలవాలి. 1873లో ఐర్లండ్ రైఫిల్ జట్టు పరిస్థితి అదే. లండన్ పక్కనున్న వింబుల్డన్‌లో ఇంగ్లండ్‌నీ స్కాట్లండ్‌నీ ఓడించి, ఎల్కో షీల్డును మొట్టమొదటిసారి తమ దేశానికి పట్టుకెళ్ళారు. టెన్నిస్ పోటీలు మొదలవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. అప్పట్లో వింబుల్డన్ అంటే తుపాకులే గుర్తొచ్చేవి. ఆ గెలుపు వేడి చల్లారకముందే జట్టు కెప్టెన్ మేజర్ ఆర్థర్ లీచ్ సముద్రం అవతలికి ఒక సవాలు పంపాడు. అది న్యూయార్క్ హెరాల్డ్ పత్రికలో అచ్చయింది.

అమెరికా రైఫిల్ వీరులారా, మాతో తలపడతారా అన్నది దాని సారాంశం. మీరు అమెరికాలో తయారైన తుపాకులతోనే కాల్చాలి, మేము డబ్లిన్‌లో రిగ్బీ చేసిన తుపాకులతో కాలుస్తాం. దూరం 800, 900, 1000 గజాలు.

ఆ సవాలు అందుకోవడానికి అమెరికాలో ఎవరున్నారు? అంతర్యుద్ధంలో తమ సైనికుల గురి ఎంత అధ్వానంగా ఉందో కళ్ళారా చూసిన విలియం చర్చ్, జార్జ్ వింగేట్ అనే ఇద్దరు మాజీ అధికారులు 1871లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పెట్టారు. తుపాకీ చేతికిచ్చినంత మాత్రాన సైనికుడైపోడు, గురి నేర్పాలి అన్నది వాళ్ళ పట్టుదల. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ సాయంతో లాంగ్ ఐలండ్‌లో క్రీడ్ అనే కుటుంబం పొలం కొని మైదానం కట్టారు. దానికి క్రీడ్‌మూర్ అని పేరు పెట్టారు. 1873లో అక్కడ కాల్పులు మొదలయ్యాయి. అంటే సవాలు వచ్చేనాటికి మైదానానికి ఏడాది కూడా నిండలేదు. సరదాగా కాల్చేవాళ్ళు కొందరు కలిసి పెట్టుకున్న అమెచ్యూర్ రైఫిల్ క్లబ్ ముందుకొచ్చి, మేం సిద్ధం అంది. ఆ క్లబ్బు సభ్యుల్లో వెయ్యి గజాల పోటీ అనుభవం ఉన్నవాళ్ళు దాదాపు లేరు. అంత దూరం గురిపెట్టి కొట్టే తుపాకీ కూడా వాళ్ళ దగ్గర లేదు.

వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అక్కడ నిలబెట్టేది ఆరడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు ఉన్న ఇనప పలక. దాని నడిమధ్య మూడడుగుల నల్ల చదరం బుల్స్ ఐ. అందులో తగిలితే నాలుగు పాయింట్లు. దాని చుట్టూ ఉన్న సెంటర్‌లో తగిలితే మూడు, ఆపైన పలక మీద ఎక్కడ తగిలినా రెండు. చేయి చాచి ఒక గసగసాల గింజను పట్టుకుని చూడండి, వెయ్యి గజాల నుంచి ఆ నల్ల చదరం అంతకన్నా చిన్నగా కనబడుతుంది. దాన్ని దుర్భిణి లేకుండా, తుపాకీకి ఏ ఆధారమూ పెట్టకుండా కొట్టాలి. గుండు తిన్నగా పోదు. పది మీటర్లకు పైగా ఎత్తు లేచి, వంపు తిరిగి కిందికి దిగుతుంది. మనిషి నడిచేటంత నెమ్మదైన అడ్డగాలి కూడా దాన్ని మీటరు పైచిలుకు పక్కకు తోసేస్తుంది. కళ్ళు బాగున్నంత మాత్రాన ఇక్కడ చాలదు. గాలిని, ఎండను చదవడం రావాలి.

రెండు తుపాకీ కంపెనీలు రంగంలోకి దిగాయి. ఇలియన్ ఊళ్ళోని రెమింగ్టన్ అప్పటికే తన రోలింగ్ బ్లాక్ రైఫిళ్ళను డెన్మార్క్, స్వీడన్, ఈజిప్ట్ సైన్యాలకు అమ్ముతోంది. సిపాయి భుజాన వేసుకునే ఆ తుపాకీ యంత్రాంగానికే పొడవైన బారెల్ బిగించి, వెనక పిడి మీద అతి సూక్ష్మమైన తేడాలు కూడా కొలిచే సైటు అమర్చింది. ఆ పని మీద కూర్చున్న మెకానిక్ ఎల్.ఎల్. హెప్‌బర్న్ స్వయంగా జట్టులో చేరాడు. హార్ట్‌ఫర్డ్‌లోని షార్ప్స్ కంపెనీది వేటగాళ్ళ పేరు. పశ్చిమ మైదానాల్లో అడవిదున్నల మందల్ని అంతమొందించిన తుపాకుల్లో షార్ప్స్‌కు పెద్ద వాటా ఉంది. ఆ వేటను తలచుకుంటే ఇవాళ గుండె బరువెక్కుతుంది. కానీ ఆ తుపాకీ దూరాన్ని ఎలా జయించిందో అందరికీ తెలుసు. షార్ప్స్ మనిషి జి.డబ్ల్యు. యేల్ కూడా జట్టులోకి వచ్చాడు. మొత్తం ఆరుగురు. హెన్రీ ఫుల్టన్, జాన్ బొడైన్, హెప్‌బర్న్ చేతుల్లో రెమింగ్టన్‌లు, యేల్, గిల్డర్‌స్లీవ్, డేకిన్ చేతుల్లో షార్ప్స్‌లు. సైన్యపు తుపాకీ ఒకటి, వేట తుపాకీ ఒకటి, కొత్త దుస్తులు తొడుక్కుని పోటీకి దిగాయన్నమాట.

ఈ రెండింటిలోనూ తూటాను వెనక నుంచి పెడతారు. రెమింగ్టన్‌లో బొటనవేలితో దిమ్మను వెనక్కి తిప్పి, తూటా జారవిడిచి, మూసేయడమే. షార్ప్స్‌లో కింద ఉన్న మీటను లాగితే దిమ్మ కిందికి దిగుతుంది.

ఐరిష్ వాళ్ళది వేరే దారి. రిగ్బీ తుపాకీని మూతి నుంచే నింపాలి. ముందు తూచి పెట్టుకున్న మందును పొడవాటి గొట్టం గుండా అడుగుదాకా పోస్తారు, ఒక్క రవ్వ కూడా బారెల్ గోడలకు అంటుకోకుండా. తర్వాత సీసపు గుండును మూతిలో నిలిపి, కడ్డీతో మెల్లగా, ప్రతిసారీ అదే ఒత్తిడితో దింపుతారు. ఆత్రం పనికిరాదు. గుండు మందును తాకిన క్షణం చేతికి తెలియాలి. నిదానమే దాని బలం. యుద్ధంలో వెనక నుంచి నింపే తుపాకీ మంచిదే, తొందరగా పేలుతుంది, కానీ దూరపు గురికి మూతి నుంచి నింపేదే మేటి అని ఆనాటి నిపుణుల గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మోసుకొచ్చిన ఆరుగురిలో జాన్ రిగ్బీ కూడా ఉన్నాడు. తన చేత్తో చేసిన తుపాకీని తన భుజానికే ఆనించి కాల్చబోయే మనిషి. మిగతావాళ్ళు హామిల్టన్, విల్సన్, జాన్సన్, వాకర్, మిల్నర్.

1874 సెప్టెంబరు 26, శనివారం. ఎండ చిటపటలాడుతోంది. న్యూయార్క్ నుంచి రైళ్ళలో, బండ్లలో జనం వేలల్లో వచ్చి పడ్డారు. తుపాకీ పోటీకి అంత జనం వస్తారని నిర్వాహకులకే నమ్మకం లేదు. సవాలు విసిరింది ఐర్లండ్. న్యూయార్క్‌లో ఐరిష్ వాళ్ళకేం కొదవ? ఒకే గుంపులో నిలబడి ఒకడు ఇటు, ఒకడు అటు మొక్కుకుంటున్నారు.

ఒక్కొక్కరు ఒక్కో దూరం నుంచి పదిహేను గుండ్లు కాల్చాలి. మొత్తం మనిషికి నలభై అయిదు. ఏ తప్పూ లేకుండా కాలిస్తే మనిషికి 180, జట్టుకు 1080.

800 గజాల దగ్గర అమెరికా ఊహించని ఊపు అందుకుంది. ఫుల్టన్ కాల్చే తీరే వింత. బోర్లా కాకుండా వెల్లకిలా పడుకుని, బారెల్‌ను కాళ్ళ మీదుగా చాచి, తల కాస్త ఎత్తి గురి చూస్తాడు. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది గానీ ఒకటి తర్వాత ఒకటి నల్ల చదరంలోనే దిగుతుంటే నవ్వు ఆగిపోతుంది. మొదటి దూరం ముగిసేసరికి అమెరికా 326, ఐర్లండ్ 317. తొమ్మిది పాయింట్ల ఆధిక్యం. పెళ్ళిలో మగపెళ్ళివారిలా వచ్చిన అతిథులకు ఇది కాస్త మింగుడుపడని లెక్కే.

అయినా లీచ్ ముఖం చిన్నబుచ్చుకోలేదు. ఆ పర్యటనలోనే ఆయన ఒక వెండి పాత్రను అమెరికా రైఫిల్ వీరులకు కానుకగా ఇచ్చాడు. ఓడతామో గెలుస్తామో తెలియని ప్రయాణంలో ప్రత్యర్థికి కానుక పట్టుకొచ్చిన మనిషి. ఆయన్ను తలుచుకోకుండా ఈ కథ చెప్పడం నాకు సాధ్యం కాదు.

900 గజాలకు వెనక్కి జరిగాక ఐర్లండ్ పుంజుకుంది. 312కు 310. రెండే తేడా, కానీ గాలి మళ్ళింది. ఆ రోజు కాల్పుల మధ్యలో జరిగిన ఒక సంఘటన మాత్రం అప్పటికి పెద్దగా ఎవరినీ కలవరపెట్టి ఉండదు. మిల్నర్ పడుకుని, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గర్ నొక్కాడు. అద్భుతమైన గురి, నల్ల చదరం మధ్యలో తగిలింది. కాకపోతే అది అతని టార్గెట్ కాదు. వరుసగా నిలబెట్టిన పలకల్లో పక్కదాన్ని కొట్టాడు. అంత దూరంలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎండకు గాలి మరిగి తెర కట్టినట్టుంటే ఒకసారి కన్ను తిప్పి మళ్ళీ చూసేలోగా పొరపాటు జరిగిపోతుంది. నిబంధన నిబంధనే. నాలుగు రావలసిన చోట సున్నా వేశారు.

చివరి దూరం. వెయ్యి గజాలు.

ఏడు పాయింట్ల వెనకబాటుతో మొదలుపెట్టిన ఐర్లండ్ ఇక్కడే తన అసలు బలం చూపింది. అత్యంత దూరంలో వాళ్ళ తుపాకులే మేలన్న మాట ఊరికే రాలేదు. రిగ్బీ నిదానంగా మందు పోస్తున్నాడు, గుండు దింపుతున్నాడు, పడుకుంటున్నాడు, కాలుస్తున్నాడు. హామిల్టన్, విల్సన్ చెరో వైపు దన్నుగా ఉన్నారు. అమెరికా ఆధిక్యం ఒక్కో పాయింటూ కరుగుతోంది. టార్గెట్ల దగ్గర గుంటల్లో కూచున్నవాళ్ళు గుండు తగిలిన చోటుకు పలకలు ఎత్తి చూపుతారు. తెల్ల పలక లేస్తే బుల్స్ ఐ. ప్రతి తెల్ల పలకకీ జనం అరుస్తున్నారు, తర్వాత దుర్భిణులు చేతులు మారుతున్నాయి, కాగితాల మీద కూడికలు జరుగుతున్నాయి.

ఐర్లండ్ తన ఆఖరి గుండు కాల్చేసింది. మొత్తం 931.

అమెరికా 930. ఇంకా ఒక్క గుండు మిగిలింది. అది కల్నల్ బొడైన్‌ది.

సరిగ్గా అప్పుడే అనుకోనిది జరిగింది. ఎండలో దాహమేసి బొడైన్ జింజర్ బీర్ సీసా ఒకటి అందుకున్నాడు. లోపలి గ్యాసు ఒత్తిడికి సీసా చేతిలోనే పగిలిపోయింది. గాజు దిగి చెయ్యి చీరుకుపోయింది, నెత్తురు ధార కట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళ గుండెలు జారిపోయాయి. పోటీ అంతా ఒక్క గుండు మీద ఆగి ఉంటే, ఆ గుండు కాల్చాల్సిన చెయ్యే ఇలా అయ్యింది. వైద్యం చేయించుకునే వ్యవధి లేదు. అతను చేతి రుమాలు గాయానికి చుట్టుకున్నాడు, తుపాకీ తీసుకున్నాడు, బోర్లా పడుకున్నాడు.

ఇక్కడ పాఠకుడికి ఒక మాట చెప్పాలి. ఈ కథ చెప్పేవాళ్ళు చాలాసార్లు బొడైన్‌కు బుల్స్ ఐ తప్ప గత్యంతరం లేనట్టు చెబుతారు. లెక్క వేరు. పలక మీద ఎక్కడ తగిలినా రెండు పాయింట్లు, 932, గెలుపే. తగలకపోతే ఓటమి. అంటే అతను అద్భుతం చేయనక్కర్లేదు, తప్పకపోతే చాలు. కానీ నన్నడిగితే అదే ఎక్కువ కష్టం. అద్భుతం చేయబోయి తప్పినవాడిని లోకం క్షమిస్తుంది. మామూలుగా చేయాల్సిన పనిని ఆ ఒక్కసారి చేయలేకపోయినవాడు మాత్రం జీవితాంతం ఆ క్షణాన్ని మోస్తాడు. రుమాల్లోంచి నెత్తురు ఊరుతోంది. ట్రిగ్గర్ మీద వేలు వణికితే, నొప్పికి భుజం ఒక్క వెంట్రుకవాసి కదిలితే, 914 మీటర్ల అవతల అది పెద్ద తేడా అవుతుంది.

వేలమంది ఉన్న చోట నిశ్శబ్దం. సైటు సరిచూసుకున్నాడు. గాలి చూసుకున్నాడు. తొందరపడలేదు.

పేలింది. పొగ కమ్మేసింది. గుండు అక్కడికి చేరడానికి మూడు సెకన్లు. ఇనుము మీద సీసం పడిన చప్పుడు తిరిగి ఇటు చేరడానికి దాదాపు అంతే. ఆ ఆరు సెకన్లలో ఎవరి ఊపిరి ఎక్కడుందో వాళ్ళకే తెలియాలి. ఠంగుమని చప్పుడు వచ్చింది. తర్వాత టార్గెట్ మధ్యలో, నల్ల చదరం మీదకు, తెల్ల పలక మెల్లగా లేచింది.

బుల్స్ ఐ. 934.

జనం కట్టలు తెంచుకున్నారు. టోపీలు గాల్లోకి లేచాయి. బొడైన్‌కు ఆ రోజు నుంచి ‘ఓల్డ్ రిలయబుల్’ అన్న పేరు స్థిరపడింది, కష్టకాలంలో నమ్ముకోదగ్గ పెద్దమనిషి అని. ఫుల్టన్ 180కి 171తో అందరికన్నా ముందున్నాడు. ఐర్లండ్ తరఫున అందరికన్నా ఎక్కువ, 163, కొట్టింది తుపాకీ చేసిన రిగ్బీయే.

మర్నాటి నుంచి లోకం చెప్పుకున్న మాట ఒకటే. వెనక నుంచి నింపే తుపాకీ గెలిచింది, మూతి తుపాకీ కాలం చెల్లింది అని. తుపాకీ వ్యాపారానికి ఆ మాట బాగా పనికొచ్చింది. రెమింగ్టన్, షార్ప్స్ క్రీడ్‌మూర్ పేరుతోనే రైఫిళ్ళు అమ్మాయి. చరిత్ర కూడా చివరికి అటే పోయింది. కానీ ఆ రోజు స్కోరు కాగితం చూస్తే నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. అమెరికా గెలిచింది 800 గజాల దగ్గర. 900లో ఐర్లండ్‌దే పైచేయి. 1000లో 302కు 298, అక్కడా ఐర్లండ్‌దే పైచేయి. దూరం పెరిగేకొద్దీ ముసలిదన్న తుపాకీయే నిలబడింది. 1080 పాయింట్ల పోటీలో రెండు యుగాల తుపాకుల మధ్య తేడా మూడు. మిల్నర్ పక్క పలకను కొట్టి పోగొట్టుకున్నది నాలుగు. ఆ నాలుగూ కలిస్తే ఐర్లండ్ 935.

ఇంకో లెక్క ఉంది. మిల్నర్ ఆ సున్నాతోనే 154 చేశాడు. ఆ నాలుగూ కలిపితే 158. బొడైన్ స్కోరు ఎంతో తెలుసా? 158. ఒకరు వీరుడయ్యారు, ఒకరి పేరు పొరపాటు పక్కన మాత్రమే మిగిలింది. మిల్నర్‌ను నిందించిన జట్టు సభ్యుడి మాట నాకెక్కడా కనబడలేదు. కనబడకపోవడం ఆ జట్టుకు గౌరవమే.

మరుసటి ఏడు అమెరికా జట్టు డబ్లిన్ వెళ్ళి, సముద్రపు ఒడ్డున డాలీమౌంట్‌లో మళ్ళీ గెలిచింది. 1876లో క్రీడ్‌మూర్‌లోనే అమెరికా, ఐర్లండ్, స్కాట్లండ్, కెనడా, ఆస్ట్రేలియా జట్లు తలపడ్డాయి. ఆ పోటీ పాల్మా పేరుతో నేటికీ నడుస్తోంది. దూరాలు కూడా మారలేదు, 800, 900, 1000 గజాలే.

జాన్ రిగ్బీ కాలాన్ని అర్థం చేసుకున్న మనిషి. 1887లో బ్రిటిష్ ప్రభుత్వం అతన్ని ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారానికి అధిపతిని చేసింది. సైన్యానికి తూటాలను మ్యాగజైన్ నుంచి అందించే రైఫిళ్ళు వచ్చిన కాలమది. అతని కంపెనీ పేరు మనకు వేరే దారిలో పరిచయం. మనుషుల్ని తినే చంపావత్ పులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కు ప్రభుత్వం తరఫున బహూకరించింది .275 రిగ్బీ రైఫిల్‌నే. కుమావూ కొండల్లో ఆ తర్వాత ఎన్నో ఊళ్ళ భయం తీర్చిన తుపాకీ అది.

క్రీడ్‌మూర్ మైదానం ఎక్కువ కాలం నిలవలేదు. చుట్టూ ఇళ్ళు వచ్చాయి, జనం ఫిర్యాదులు చేశారు, 1890ల నాటికి పోటీలు న్యూజెర్సీకి తరలిపోయాయి. ఆ స్థలంలో రాష్ట్ర ప్రభుత్వం మానసిక వైద్యశాల కట్టింది. న్యూయార్క్‌లో మనవాళ్ళు వెళ్ళే ఫ్లషింగ్ గణపతి గుడికి కొద్ది మైళ్ళ దూరమే. ఆ చుట్టుపక్కల బెల్‌రోజ్‌లో భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళు రోజూ నడిచే వీధుల పేర్లు వించెస్టర్ బులెవార్డ్, మస్కెట్ స్ట్రీట్, రేంజ్ స్ట్రీట్. 2007లో హార్నడీ కంపెనీ దూరపు పోటీల కోసం తెచ్చిన కొత్త తూటాకు పెట్టిన పేరు 6.5 క్రీడ్‌మూర్.

లీచ్ ఇచ్చిన వెండి పాత్ర చాలాకాలం ఒహాయోలోని క్యాంప్ పెర్రీ పోటీల్లో విజేత చేతికి వెళ్ళేది. ఇప్పటికీ వెయ్యి గజాల దగ్గర పడుకునే ప్రతి షూటరూ ట్రిగ్గర్ మీద వేలు పెట్టేముందు ఒక పని తప్పక చేస్తాడు. తలెత్తి టార్గెట్ పక్కనున్న అంకె చూస్తాడు, తన గురి స్థానం అంకెతో సరిపోల్చుకుంటాడు. పక్కవాడి టార్గెట్‌ను నడిమధ్య కొట్టినా ఇవాళ్టికీ వేసేది సున్నాయే.